కాగితం మీది ఉత్తర్వూ ఇంట్లోని తుపాకీ

చట్టాన్ని గురించి సాహిత్య పత్రికలో రాయటమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. చట్టం కూడా ఒక రచనే. దానిలోనూ పాత్రలుంటాయి, నిర్వచనాలుంటాయి, చెప్పకుండా వదిలేసిన మాటలుంటాయి. కథలో ఒక మాట జారితే కథ చెడుతుంది. చట్టంలో ఒక మాట జారితే మనిషి ప్రాణం పోతుంది. మన కథల్లో భార్యను హింసించే భర్త వుంటాడు, కన్నీళ్లుంటాయి, చివర ఒక కోర్టు తీర్పు వుంటుంది. తీర్పు వచ్చిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరిగిందో మాత్రం వుండదు. ఆమె జోలికి పోవద్దని కోర్టు చెప్పిన తరవాత అతని చేతిలోని ఆయుధం ఎక్కడికి పోయింది? దాన్ని ఎవరు అడిగారు? ఎవరు తీసుకున్నారు? తీసుకున్నట్టు రసీదు ఎవరిచ్చారు?

ఈ ప్రశ్నలు చాలా తీవ్రంగా ఎదురవుతున్న దేశం అమెరికా. స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం అక్కడ పౌరుల చేతుల్లో నూరు మందికి 120 చొప్పున తుపాకులున్నాయి. అంటే మనుషులకంటే తుపాకులే ఎక్కువ. అలాంటి చోట గృహహింసకు పాల్పడిన మనిషి తన తుపాకిని అప్పగించాలని శాసించటం ఎలా జరిగింది, ఎంతవరకు అమలయింది, దాన్ని ఎవరు ఏ వాదనతో ఎదిరించారు అన్నది తెలుసుకోవటం మనకూ అవసరమే. ఎందుకంటే ఆ వివాదం చివరికి తుపాకి దగ్గర ఆగలేదు. సంప్రదాయం అంటే ఏమిటి, చరిత్రకు సాక్షి ఎవరు అన్న ప్రశ్నల దాకా వెళ్లింది. ఆ ప్రశ్నలు అభ్యుదయ సాహిత్యానికి కొత్తవి కావు.

ఒకే గదిలో రెండు వస్తువులు

ముందు ఒక కేసు చూద్దాం. 2019 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలో రహిమి అనే వ్యక్తికీ, అతని బిడ్డకు తల్లి అయిన ఒక స్త్రీకీ కార్లు నిలిపే స్థలంలో గొడవ జరిగింది. ఆమె వెళ్లిపోబోతే అతను చెయ్యి పట్టి వెనక్కి ఈడ్చాడు. కారులోకి నెట్టాడు. ఆమె తల కారు లోపలి భాగానికి కొట్టుకుంది. దారిన పోయేవారెవరో చూశారని గమనించి అతను తుపాకి తీశాడు. ఆమె తప్పించుకు పారిపోయింది. అతను తుపాకి పేల్చాడు. తరవాత ఫోను చేసి, ఎవరికైనా చెబితే కాల్చేస్తానని బెదిరించాడు. ఇదంతా కోర్టు రికార్డులో వున్న కథనం.

2020 ఫిబ్రవరిలో కోర్టు ఆమెకు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. అతనికి నోటీసు వెళ్లింది. తన వాదన చెప్పుకునే అవకాశం వచ్చింది. అతను ఎదిరించలేదు. ఉత్తర్వు అతని తుపాకి లైసెన్సును రెండేళ్లపాటు నిలిపివేసింది. ఏడాది గడవకముందే వరసగా కొన్ని కాల్పుల సంఘటనల్లో అతని మీద అనుమానం వచ్చి పోలీసులు ఇల్లు సోదా చేశారు. అక్కడ ఒక పిస్తోలు, ఒక రైఫిలు, తూటాలు దొరికాయి. వాటితోపాటు ఆ రక్షణ ఉత్తర్వు ప్రతి కూడా దొరికింది.

తుపాకి వుండకూడదని చెప్పే కాగితమూ, వుండకూడని తుపాకీ ఒకే ఇంట్లో వున్నాయి. కాగితం తన పని చేశాననుకుంది. తుపాకి తన చోటునుంచి కదలలేదు. ఈ చట్టాల కథంతా ఆ రెండింటి మధ్య వున్న దూరాన్ని గురించినదే.

చట్టం చెప్పినదేమిటి

అమెరికా కేంద్ర చట్టంలో తుపాకుల నియంత్రణకు ముఖ్యమైన ఆధారం 1968 నాటి తుపాకి నియంత్రణ చట్టం. పెద్ద నేరాల్లో శిక్షపడినవారు తుపాకి కలిగి వుండకూడదని అది చెప్పింది. కాని భార్యను కొట్టటం సాధారణంగా పెద్ద నేరంగా నమోదు కాదు. ఒకవేళ అయినా, రాజీలోనో బేరంలోనో చిన్న నేరంగా మారిపోతుంది. అందువల్ల ఇంట్లో కొట్టేవాడు బయట చట్టం దృష్టిలో నిరపాయకరమైన పౌరుడిగానే మిగిలిపోయాడు.

1994లో దీనికి మొదటి సవరణ వచ్చింది. స్త్రీలమీద హింసను గురించిన ప్రసిద్ధ చట్టం కూడా ఆ సంవత్సరపు నేరనియంత్రణ శాసనంలో భాగమే. రక్షణ ఉత్తర్వు అమలులో వున్నంతకాలం ఆ మనిషి దగ్గర తుపాకి గాని, తూటాలు గాని వుండటం కేంద్ర నేరమని ఆ సవరణ అన్నది. అయితే ప్రతి ఉత్తర్వుకూ ఇది వర్తించదు. మూడు షరతులున్నాయి. ఒకటి, అతనికి నోటీసు అంది, విచారణలో పాల్గొనే అవకాశం వుండాలి. రెండు, 'సన్నిహిత భాగస్వామి'ని గాని, బిడ్డను గాని వేధించవద్దని, బెదిరించవద్దని ఉత్తర్వు నిషేధించాలి. మూడు, అతనివల్ల వారి శరీరభద్రతకు నమ్మదగిన ముప్పు వుందని కోర్టు తేల్చాలి, లేదా దెబ్బ కొట్టటాన్నీ, కొడతానని బెదిరించటాన్నీ ఉత్తర్వు స్పష్టంగా నిషేధించాలి.

1996లో రెండో సవరణ వచ్చింది. సెనేటర్ లాటెన్‌బర్గ్ పేరుతో దాన్ని పిలుస్తారు. గృహహింసకు సంబంధించిన చిన్న నేరంలో శిక్షపడినా తుపాకి వుండకూడదని అది చెప్పింది. చిన్న నేరానికి ఇంత పెద్ద ఫలితమా అని అభ్యంతరాలు లేచాయి. అవి ఇరవై ఏళ్ల తరవాత సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లాయి. 2016లో వాయిసిన్ కేసు వాదనలు జరుగుతుండగా, పదేళ్లపాటు బెంచిమీద ఒక్క ప్రశ్నా అడగని జస్టిస్ క్లారెన్స్ థామస్ తొలిసారి నోరు విప్పారు. ఒక చిన్న నేరం వల్ల రాజ్యాంగపు హక్కు పోయే సందర్భం ఇంకెక్కడైనా వుందా అన్నది ఆయన ప్రశ్న. ఆ మౌనం దేనికోసం వీడిందో గమనించవలసి వుంది. ఆ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు చట్టాన్నే సమర్థించారు.

ఒక మాట, దాని సరిహద్దు

'సన్నిహిత భాగస్వామి' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. భాషతో పనిచేసేవారు ఆగవలసిన చోటు అది. చట్టం దృష్టిలో ఆ మాటకు అర్థం: భార్య లేక భర్త, మాజీ భార్య లేక మాజీ భర్త, తమకు పుట్టిన బిడ్డకు తల్లి లేక తండ్రి, కలిసి కాపురం వున్న లేక ఒకప్పుడు వున్న వ్యక్తి. అంతే. పెళ్లి కాకుండా, బిడ్డ లేకుండా, ఒకే కప్పు కింద వుండకుండా సంబంధంలో వున్న స్త్రీ ఈ నిర్వచనంలోకి రాదు. అతను కొట్టిన దెబ్బ అదే. చేతిలోని తుపాకీ అదే. ఆమె నివాసపు చిరునామా మాత్రం వేరు. ఆ చిరునామా తేడాతో రక్షణ పోయింది. ఈ లోపాన్ని ఆ దేశపు స్త్రీలు 'బాయ్‌ఫ్రెండ్ లొసుగు' అని పిలిచారు.

2022 జూన్ 25న అధ్యక్షుడి సంతకం పొందిన కొత్త చట్టం ఈ లొసుగులో సగం పూడ్చింది. చిన్న నేరంలో శిక్షపడిన సందర్భంలో, కాపురం లేని ప్రేమసంబంధాలకు కూడా నిషేధం విస్తరించింది. మొదటిసారి శిక్షపడినవారికి, మళ్లీ నేరం చేయకపోతే అయిదేళ్ల తరవాత హక్కు తిరిగి వస్తుంది. కాని రక్షణ ఉత్తర్వుల విషయంలో పాత నిర్వచనాన్ని ముట్టుకోలేదు. అంటే శిక్షపడేదాకా ఆగితే ఆమె చట్టానికి కనిపిస్తుంది. అంతకు ముందు, ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు మాత్రం కనిపించదు.

మన 2005 గృహహింస చట్టం ఈ విషయంలో కొంచెం విశాలమయినది. 'వివాహంలాంటి సంబంధం' అన్న మాట దానిలో వుంది. అయితే అక్కడ కూడా ఒకే ఇంట్లో కలిసి బతికి వుండాలన్న షరతు వుంది. కుటుంబం అన్న గోడను దాటి స్త్రీని చూడటం ఏ దేశపు చట్టానికయినా కష్టంగానే వున్నట్టుంది.

నిషేధం వేరు, అప్పగింత వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 'నీ దగ్గర తుపాకి వుండటం నేరం' అనటం నిషేధం. 'ఫలానా గంటలోగా, ఫలానా చోట, ఫలానావారికి ఇచ్చి రసీదు తెచ్చి కోర్టులో దాఖలు చెయ్యి' అనటం అప్పగింత. కేంద్ర చట్టం మొదటిదే చెప్పింది. రెండోదాన్ని చెప్పలేదు. ఎవరికివ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎవరు వెళ్లి తేవాలి అన్న ప్రశ్నలన్నీ రాష్ట్రాలకు వదిలేసింది. రాష్ట్రాలు తలోదారి పట్టాయి.

కాలిఫోర్నియా పద్ధతి చూడండి. రక్షణ ఉత్తర్వు చేతికి అందిన వెంటనే, పోలీసు అధికారి అడిగితే అక్కడికక్కడే, అడగకపోతే 24 గంటల్లోగా తుపాకులనూ తూటాలనూ అప్పగించాలి. పోలీసులకయినా ఇవ్వవచ్చు, లైసెన్సున్న వ్యాపారికి అమ్మనూవచ్చు, ఉత్తర్వు కాలమంతా అతని దగ్గర దాచనూవచ్చు. ఉత్తర్వు అందిన 48 గంటల్లోగా రసీదును కోర్టులో దాఖలు చేయాలి. ఇది తాత్కాలిక ఉత్తర్వులకు కూడా వర్తిస్తుంది. మసాచుసెట్స్‌లో తుపాకికి లైసెన్సు తప్పనిసరి. అందువల్ల ఎవరి దగ్గర ఏముందో పోలీసులకు ముందే కొంత తెలుసు. ఉత్తర్వు ఇచ్చేటప్పుడే లైసెన్సునూ ఆయుధాలనూ అప్పగించమని కోర్టు ఆదేశించగలదు.

మన పాఠకులకు ఇది అర్థం కావటానికి దూరం పోనక్కరలేదు. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో జమ చేయించటం మనం ప్రతిసారీ చూస్తున్నదే. స్టేషన్లో జాబితా వుంటుంది. జాబితా చూసి కబురు పంపుతారు. తుపాకి వస్తుంది, రసీదు వెళ్తుంది, ఎన్నికలయ్యాక తుపాకి తిరిగి ఇంటికి చేరుతుంది. ఈ పని సాధ్యం కావటానికి కారణం ఒక్కటే: జాబితా వుండటం. అమెరికాలో దేశమంతటికీ వర్తించే జాబితా లేదు. లేకపోవటమే కాదు, అలాంటి కేంద్ర జాబితా తయారుచేయటాన్ని 1986 చట్టం నిషేధించింది. కాబట్టి చాలా రాష్ట్రాల్లో న్యాయమూర్తికి ఆ ఇంట్లో ఎన్ని తుపాకులున్నాయో తెలిసే మార్గం ఇద్దరే మనుషులు. ఒకరు హింసించేవాడు. అతను నిజం చెబుతాడని నమ్మకం లేదు. పైగా ఉత్తర్వు వచ్చాక తుపాకి వుందని ఒప్పుకుంటే నేరం ఒప్పుకున్నట్టే అవుతుంది గనక, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కరలేదన్న రాజ్యాంగ రక్షణ అడ్డుపడుతుంది. రెండోవారు ఆమె. ఏ అలమారలో ఏముందో, పరుపు కింద ఏముందో, కారు డిక్కీలో ఏముందో ఆమెకు తెలుసు. ఆ తెలివిని కోర్టు అడిగి రాసుకుంటే చట్టం నడుస్తుంది. అడగకపోతే నడవదు.

ఇంకొక చిక్కు సమయం. ప్రాణభయంతో వచ్చిన స్త్రీకి కోర్టు ముందు ఏకపక్షంగా తాత్కాలిక ఉత్తర్వు ఇస్తుంది. రెండు మూడు వారాల్లో ఇరుపక్షాలనూ పిలిచి విచారించి శాశ్వత ఉత్తర్వు ఇస్తుంది. కేంద్ర చట్టపు నిషేధం విచారణ జరిగిన ఉత్తర్వుకే వర్తిస్తుంది. అంటే ఆమె ఇల్లు వదిలి వచ్చిందని అతనికి తెలిసిన రోజునుంచి విచారణ జరిగే రోజుదాకా తుపాకి చట్టబద్ధంగానే అతని దగ్గరుంటుంది. విడిపోతున్న సమయమే అత్యంత ప్రమాదకరమైన సమయమని ఈ రంగంలో పనిచేసేవారందరూ చెబుతారు. 2014లో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక స్త్రీని, శాశ్వత ఉత్తర్వు విచారణకు ఒక్క రోజు ముందు భర్త కాల్చి చంపాడు. రెండేళ్లకు, 2016లో, ఆ రాష్ట్రం తాత్కాలిక ఉత్తర్వు అందిన 24 గంటల్లోగా తుపాకులు అప్పగించాలని చట్టం చేసింది. చట్టానికి ఒక్కోసారి సిరా కంటే ముందు రక్తం కావలసి వస్తుంది.

అమలు జరగని చోట

కొలరాడో రాష్ట్రంలో కాజిల్ రాక్ అనే పట్టణం వుంది. 1999 జూన్ 22 సాయంత్రం, రక్షణ ఉత్తర్వు వుండగానే, ఒక తండ్రి తన ముగ్గురు ఆడపిల్లలను తల్లికి చెప్పకుండా తీసుకుపోయాడు. తల్లి పోలీసులకు మళ్లీ మళ్లీ చెప్పుకుంది. కొంచెంసేపు చూడమన్నారు. తెల్లవారుజామున మూడుంబావు దాటాక అతను స్వయంగా పోలీసు స్టేషన్‌కు వచ్చి, ఆ సాయంత్రమే కొన్న తుపాకితో కాల్పులు మొదలుపెట్టాడు. పోలీసులు అతన్ని కాల్చి చంపారు. అతని వాహనంలో ముగ్గురు పిల్లల శవాలున్నాయి. ఆ తల్లి పట్టణంమీద వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో తీర్పు చెప్పింది: రక్షణ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని కోరే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదు. 2011లో అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్ ఆ దేశం ఆమె హక్కులను ఉల్లంఘించిందని తేల్చింది. కాని ఆ తేల్చటంవల్ల అక్కడి తీర్పు మారలేదు.

2017లో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది చనిపోయారు. కాల్చినవాడు ఒకప్పుడు వైమానికదళంలో పనిచేశాడు. భార్యనూ, ఆమె పసిబిడ్డనూ హింసించిన నేరానికి 2012లో సైనిక కోర్టు శిక్షించింది. చట్టప్రకారం అతనికి తుపాకి అమ్మకూడదు. అయితే ఆ శిక్ష వివరాన్ని వైమానికదళం కేంద్ర రికార్డులకు పంపలేదు. దుకాణంలో తనిఖీ చేస్తే అతని పేరు రాలేదు. తుపాకి చేతికి వచ్చింది. 2021లో ఒక కేంద్ర కోర్టు ఆ మరణాల బాధ్యతలో 60 శాతం ప్రభుత్వానిదేనని చెప్పింది. ఇంట్లో భార్యమీద మొదలయిన హింస ఊరి చర్చిదాకా వచ్చింది. 'అది వాళ్ల సంసారం గొడవ' అనే మాటకు ఇంతకంటే జవాబు అక్కరలేదు.

ఇన్ని లోపాలున్నప్పుడు చట్టంవల్ల ప్రయోజనమేమిటని నిరాశపడేవారికి రెండు అధ్యయనాలు చెప్పాలి. జాకెలిన్ కాంబెల్, ఆమె సహచరులు అమెరికాలోని 11 నగరాల్లో చేసి 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హింసించే పురుషుడికి తుపాకి అందుబాటులో వుంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది. 1991నుంచి 2015దాకా రాష్ట్రాల లెక్కలు పరిశీలించి 2017లో ప్రచురించిన మరొక అధ్యయనం, నిషేధంతోపాటు అప్పగింతను కూడా శాసించిన రాష్ట్రాల్లో భాగస్వాముల చేతిలో తుపాకి హత్యల రేటు 14 శాతం తక్కువగా వుందని చూపింది. ఆ 14 శాతం వెనుక ఒక రసీదు, ఒక గడువు, ఒక గుమాస్తా వున్నారు. విప్లవాత్మకమైన మార్పు కాకపోవచ్చు. కాని బతికి వున్న మనుషులు.

సంప్రదాయం అనే సాక్షి

ఇక వాదం దగ్గరికి వద్దాం. 2022 జూన్ 23న, అంటే పైన చెప్పిన కొత్త చట్టంమీద సంతకానికి సరిగ్గా రెండు రోజుల ముందు, అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో ఒక కొత్త కొలబద్ద పెట్టింది. తుపాకిని నియంత్రించే ఏ చట్టమైనా ఆ దేశపు చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా వుండాలన్నది. ఆ తీర్పు రాసినది జస్టిస్ థామసే. ఈ కొలబద్దతో 2023లో అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు రహిమి కేసును కొలిచింది. గృహహింసకు పాల్పడినవాడి తుపాకి తీసుకునే చట్టం పద్దెనిమిదో శతాబ్దంలో వుందా? లేదు. కాబట్టి 1994 చట్టం చెల్లదని తీర్పు చెప్పింది.

ఈ తర్కం ఎంత నున్నగా వుందో, లోపల ఎంత క్రూరంగా వుందో చూడండి. 1791లో ఆ చట్టం ఎందుకు లేదు? పెళ్లయిన స్త్రీకి అప్పుడు సొంత ఆస్తి లేదు, ఓటు లేదు. భర్త ఉనికిలోనే ఆమె ఉనికిని కలిపివేసిన కాలమది. 1868లోనయితే ఉత్తర కరోలినా సుప్రీంకోర్టు, బొటనవేలికంటే సన్నని బెత్తంతో భార్యను మూడు దెబ్బలు కొట్టిన భర్త కేసులో, ఇలాంటి చిన్న విషయాలకు కుటుంబపాలనలో జోక్యం చేసుకోమని చెప్పింది. 1871లో అలబామా కోర్టు భార్యను కొట్టే హక్కు ఏ భర్తకూ లేదని ప్రకటించవలసి వచ్చిందంటే, వుందనుకునేవారు అప్పటికీ వున్నారన్నమాట. స్త్రీల నోరు నొక్కిన కాలంలో స్త్రీలను రక్షించే చట్టం లేదు గనక ఇప్పుడూ వుండకూడదనటం, ఆ నోరు నొక్కటాన్నే ప్రమాణంగా తీసుకోవటం. చరిత్ర గ్రంథంలో లేనిదంతా చరిత్రలో లేదనే వాదన ఇది. దళితుల చరిత్ర, స్త్రీల చరిత్ర రాయబోయిన ప్రతివారికీ మన దగ్గరా ఈ వాదనే ఎదురయింది.

తెలుగువారికి ఈ చిక్కు బాగా తెలుసు. వితంతు వివాహాలకు శాస్త్రప్రమాణం ఎక్కడుందని సనాతనులు అడిగినప్పుడు, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతిని ఎత్తి చూపాడు. ఆయన బాటలోనే వీరేశలింగం శాస్త్రాలతో వాదించి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించాడు. మనిషి బాధే ప్రమాణం కావలసిన చోట శ్లోకాన్ని ప్రమాణంగా వెతకవలసి రావటం ఆ సంస్కర్తల అవసరం. ఆ అవసరంలోనే వారి పరిమితీ వుంది. ఎదుటివాడి కొలబద్దనే పట్టుకుని ఎదుటివాడిని ఓడించటం ఒక గెలుపే. కాని కొలబద్ద మాత్రం అతనిదిగానే మిగిలిపోతుంది.

సరిగ్గా ఇదే 2024 జూన్ 21న జరిగింది. రహిమి కేసులో సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో అయిదో సర్క్యూట్ తీర్పును తిరగ్గొట్టింది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ పాత చట్టాల్లోకి వెళ్లి రెండు ఆధారాలు తెచ్చారు. ఒకటి, ఎవరివల్లనైనా ప్రాణభయముందని ఒకరు మేజిస్ట్రేటుకు మొరపెట్టుకుంటే, ఆ మనిషి చేత పూచీకత్తు రాయించుకునే పద్ధతి. మన పోలీసు స్టేషన్ల భాషలో 'బైండోవర్' అనేది ఈ కుదురులోదే. ఆ పూచీకత్తును భర్తమీద భార్య కూడా కోరవచ్చునని బ్లాక్‌స్టన్ రాసిన సంగతిని తీర్పు గుర్తు చేసింది. రెండోది, ఆయుధాలు పట్టుకు తిరిగి జనాన్ని భయపెట్టేవారిని జైలుకు పంపి ఆయుధాలు జప్తు చేసే పాత నిబంధన. ఈ రెండింటినీ కలిపి, ఇతరుల శరీరభద్రతకు నమ్మదగిన ముప్పని కోర్టు తేల్చిన మనిషిని తాత్కాలికంగా నిరాయుధుణ్ణి చేయవచ్చునన్నారు. పాత చట్టానికి అచ్చు నకలు అక్కరలేదని, దాని వెనుక సూత్రం సరిపోతే చాలునని అన్నారు. అలాంటి పాత చట్టం ఒక్కటీ లేదని ఒంటరిగా అసమ్మతి రాసినవారు జస్టిస్ థామస్.

చట్టం నిలిచింది. సంతోషించవలసిందే. కాని అది నిలిచినది ఆ స్త్రీ పడ్డ బాధమీద కాదు, రెండు శతాబ్దాల కిందటి పూచీకత్తుల మీద. కొలబద్ద మారలేదు. అందుకే ఇలాంటి ప్రతి చట్టమూ మళ్లీ మళ్లీ ఆ పాత కాలపు గుమ్మంలో నిలబడి అనుమతి అడగవలసి వస్తూనే వుంటుంది.

రాజ్యం చేతిలోని తుపాకి

ఇక్కడ అభ్యుదయవాదులు ఒక పొరపాటు చేయకూడదు. తుపాకి తీసుకునే చేయి ప్రతిసారీ న్యాయమైన చేయి అనుకోకూడదు. రక్షణ ఉత్తర్వు వున్నవాడు పోలీసో, సైనికుడో అయితే, ఉద్యోగం కోసం ప్రభుత్వం ఇచ్చిన తుపాకికి ఆ 1994 నిషేధం వర్తించదు. చట్టంలోనే మినహాయింపు వుంది. ఇంట్లో భార్యను బెదిరించిన మనిషి ఉదయం డ్యూటీకి వెళ్లి అదే నడుముకు తుపాకి కట్టుకోవచ్చు. 1996 సవరణ మాత్రం, శిక్షపడ్డ పోలీసుకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. అందుకే పోలీసు సంఘం కోర్టుకెక్కింది. 1999లో ఓడిపోయింది. మరోవైపు, తుపాకి చట్టాల పేరుతో జైళ్లకు వెళ్లేవారిలో నల్లజాతి పేదలే ఎక్కువని చెబుతూ, న్యూయార్క్‌లో పేదల తరఫున వాదించే నల్లజాతి న్యాయవాదులు బ్రూయెన్ కేసులో నియంత్రణకు వ్యతిరేకంగా వాదన దాఖలు చేశారు. వారి భయాన్ని తోసిపుచ్చలేం. స్త్రీ ప్రాణానికీ, పేదవాడి స్వేచ్ఛకూ మధ్య పోటీ పెట్టటం వ్యవస్థకు అలవాటు. శిక్షకంటే అప్పగింత మేలు కావటానికి ఇదొక కారణం. రసీదు తీసుకుని తుపాకి దాచటంలో ఎవరూ జైలుకు పోనక్కరలేదు, ఎవరూ చావనక్కరలేదు.

మన వైపు

మన దేశంలో తుపాకికి లైసెన్సు తప్పనిసరి. 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద, ప్రజాభద్రతకు అవసరమనుకుంటే లైసెన్సు ఇచ్చిన అధికారి దాన్ని నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. లైసెన్సు పోయినవాడు ఆయుధాన్ని దగ్గరలోని పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న వ్యాపారి దగ్గరో జమ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల ప్రకారం, హింసలో వాడిన ఆయుధాన్ని రక్షణాధికారి చేత స్వాధీనం చేయించే అధికారం మేజిస్ట్రేటుకు వుంది. ఈ నిబంధన వుందని తెలిసినవారు మనలో ఎందరు? మన ఇళ్లలో ఆయుధం సాధారణంగా తుపాకి కాదు. కత్తిపీట, కొడవలి, కిరోసిన్ డబ్బా, యాసిడ్ సీసా. వీటిని జమ చేయించే స్టేషను లేదు, రసీదిచ్చే గుమాస్తా లేడు. వంటింటి వస్తువే ఆయుధమయిన చోట మనిషిని ఇంటినుంచి పంపటం తప్ప మార్గం లేదు. గృహహింస చట్టం ఆ అధికారమూ ఇచ్చింది.

టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం పైన చెప్పిన చట్టాలు నేరుగా వర్తిస్తాయి. తాత్కాలిక వీసామీద వున్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడ తుపాకి వుండటమే నేరం. రక్షణ ఉత్తర్వు కోరటానికి స్త్రీకి ఏ వీసా వుందన్నది అడ్డు కాదు. భర్త వీసామీద ఆధారపడి వెళ్లిన మన ఆడపిల్లలకు ఈ రెండు వాక్యాలు ఎవరూ చెప్పి పంపరు. పసుపూ కుంకుమా కట్టి పంపుతారు.

ఇక రచయితల సంగతి. తుపాకిని మన కథలోకి దిగుమతి చేయమని కాదు నేననేది. పేలిన తుపాకి గురించి రాయటం సులువు. పేలకుండా అలమారలో వుండి, ఒక మనిషిని ఏళ్ల తరబడి నోరెత్తనివ్వని ఆయుధం గురించి రాయటం కష్టం. ఉత్తర్వుకూ అప్పగింతకూ మధ్య వున్న ఆ 24 గంటల గురించి, విచారణకు ముందున్న ఆ రెండు వారాల గురించి, ఫోను చేస్తే 'కొంచెంసేపు చూడమ్మా' అన్న గొంతు గురించి రాయటం ఇంకా కష్టం. తీర్పుతో కథ ముగించే అలవాటు మానుకుంటే తప్ప అక్కడికి చేరలేం. ఏ అలమారలో ఏముందో ఆమెకు తెలుసునని పైన అన్నాను. ఆమెను ఆ ప్రశ్న అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవటం కోర్టు గుమాస్తా పని మాత్రమే కాదు, రచయిత పని కూడా.